ఇంజిన్ గుర్తు పెట్టని తప్పు: ఔత్సాహికుల చెస్ ఆటను తిరగేసి చూడటం ఎలా

ఆన్‌లైన్‌లో చెస్ ఆట ముగియగానే మనలో చాలామంది చేసే మొదటి పని విశ్లేషణ బటన్ నొక్కడం. కాసేపట్లో ఒక గ్రాఫ్ వస్తుంది, ఎక్కడ పైకి లేచామో ఎక్కడ కూలామో కనిపిస్తుంది. కొన్ని ఎత్తుల పక్కన ఎర్ర గుర్తులుంటాయి, పైన ఎక్కడో ఒక శాతం ఉంటుంది. ఎర్ర గుర్తు మీద నొక్కితే అక్కడ ఏం ఆడి ఉండాల్సిందో ఇంజిన్, అంటే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్, చెప్పేస్తుంది. ‘అరె, ఇది చూసుకోలేదే’ అనుకుని ఇంకో ఆట మొదలుపెడతాం. వారం తిరక్కుండానే అదే రకం తప్పు మళ్లీ చేస్తాం.

ఇంజిన్ చెప్పింది అబద్ధం కాదు. అది జవాబిచ్చిన ప్రశ్న వేరు, మనకు కావాల్సిన ప్రశ్న వేరు. ‘ఈ స్థితిలో అన్నిటికన్నా మంచి ఎత్తు ఏది?’ అన్నదానికి అది జవాబిస్తుంది. ఔత్సాహిక ఆటగాడికి కావాల్సింది ‘నేను ఆడిన ఆ చెడ్డ ఎత్తు ఆ క్షణంలో నాకు మంచిదిగా ఎందుకు కనిపించింది?’ అన్న ప్రశ్నకు జవాబు. అది ఇంజిన్ దగ్గర లేదు. ఆడినవాడి బుర్రలో ఉంది, అదీ ఆట ముగిసిన కొద్ది గంటల వరకే. ఒక్కసారి సరైన ఎత్తు తెరమీద చూశామా, మన జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ‘నేనూ అదే అనుకున్నాను, చివర్లో మార్చుకున్నాను’ అనిపించడం మొదలవుతుంది. అందుకే సమీక్ష ఇంజిన్ లేకుండా మొదలవ్వాలని గట్టిగా చెబుతాను.

నెదర్లాండ్స్‌కు చెందిన అడ్రియాన్ డి గ్రూట్ మనస్తత్వ శాస్త్రవేత్త, తను కూడా బలమైన చెస్ ఆటగాడు. 1930ల చివర్లో ఆయన మొదలుపెట్టిన ప్రయోగాలు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గ్రాండ్‌మాస్టర్ల నుంచి మామూలు క్లబ్ ఆటగాళ్ల దాకా అందరి ముందూ ఒకే స్థితి పెట్టి, మనసులో నడిచేదంతా పైకి చెబుతూ ఎత్తు ఎంచుకోమన్నాడు. పెద్ద ఆటగాళ్లు మిగతావాళ్లకన్నా ఎన్నో ఎత్తులు ముందుకు లెక్కపెడతారని అంతా అనుకునేవారు. ఆయనకు కనిపించింది అది కాదు. లెక్క లోతులో తేడా పెద్దగా లేదు. అసలు ఏ ఎత్తులను లెక్కపెట్టాలో ఎంచుకోవడంలోనే తేడా ఉంది. మన ఆటల్లోనూ అంతే. లెక్క తప్పడం కన్నా, లెక్కపెట్టాల్సిన ఎత్తు అసలు మన దృష్టికే రాకపోవడం చాలా ఎక్కువ. దాన్ని ఏ ఎర్ర గుర్తూ వివరించదు.

చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. ఆట ముగిశాక ఎత్తులన్నీ ఒకసారి మళ్లీ ఆడుకుంటూ, ఆగి ఆలోచించిన చోటా, ఆశ్చర్యపోయిన చోటా, భయపడిన చోటా ఒక్కో వాక్యం రాసుకోవాలి. 1993లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ రూపొందించిన పీజీఎన్ అనే ఫైల్ పద్ధతిలో ఎత్తుల మధ్యనే వ్యాఖ్యలు రాసుకునే వీలుంది, ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ దాన్నే వాడుతున్నాయి. మీ వాక్యం ఆటతోపాటే భద్రంగా ఉంటుంది. బోర్డు ముందు కూర్చుని ఆడే టోర్నమెంట్లలో ఆట మధ్యలో ఆలోచనలు రాసుకోవడం నిషిద్ధం. కానీ ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్ మీద ఎత్తు పక్కన గడియారం సమయం రాసుకోవడానికి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమాలు ఒప్పుకుంటాయి. ఆ చిన్న అంకె తర్వాత చాలా పనికొస్తుంది. ఎందుకో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

ఇక ఆట. ఇది ఈ వ్యాసం కోసం నేను కూర్చినది, ఇందులోని ఇద్దరు ఆటగాళ్లూ వాళ్ల ఆలోచనలూ కల్పితమే. తప్పులు మాత్రం ఈ స్థాయిలో రోజూ జరిగేవి. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు అదనం. బోర్డు ముందు పెట్టుకుని చదివితే మేలు. ప్రతి అంకె తర్వాత ముందు తెలుపు ఎత్తు, తర్వాత నలుపు ఎత్తు. అంకె పక్కన మూడు చుక్కలుంటే అది నలుపు ఎత్తు. మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్. కాస్లింగ్ అంటే ఒకే ఎత్తులో రాజునూ ఏనుగునూ జరిపి రాజును భద్రపరచడం.

1. ఈ4, ఈ5 2. గుర్రం ఎఫ్3, డీ6 3. బిషప్ సీ4, బిషప్ జీ4 4. గుర్రం సీ3, హెచ్6 5. కాస్లింగ్, గుర్రం ఎఫ్6 6. హెచ్3, బిషప్ హెచ్5 7. డీ3, గుర్రం సీ6 8. బిషప్ ఈ3, గుర్రం డీ4 9. జీ4, గుర్రం ఎఫ్3లో గుర్రాన్ని కొట్టి చెక్ 10. మంత్రి ఎఫ్3లో కొట్టింది, బిషప్ జీ6 11. గుర్రం డీ5, గుర్రం డీ5లో కొట్టింది 12. బిషప్ డీ5లో కొట్టింది, సీ6 13. బిషప్ బీ3, బిషప్ ఈ7 14. ఏ1 ఏనుగు డీ1, కాస్లింగ్ 15. రాజు జీ2, డీ5 16. ఈ4 బంటు డీ5లో కొట్టింది, సీ6 బంటు డీ5లో కొట్టింది 17. బిషప్ డీ5లో కొట్టింది.

తెలుపుకు ఒక బంటు ఎక్కువ. ఆట అక్కడినుంచి చాలాసేపు సాగి చివరికి డ్రా అయింది.

ఇద్దరికీ కనిపించని 5వ ఎత్తు

4వ ఎత్తులో నలుపు హెచ్6 ఆడింది. ఎందుకు? తెల్ల గుర్రం జీ5కి వచ్చి ఎఫ్7 మీద పడుతుందేమోనని భయం. జవాబుగా తెలుపు రెండు సెకన్లలో కాస్లింగ్ చేసింది. చూడ్డానికి ఇద్దరూ బుద్ధిగానే ఆడారు.

నిజానికి ఆ క్షణంలో తెలుపు ఎఫ్3 గుర్రంతో ఈ5 బంటును కొట్టేయవచ్చు. గుర్రం వెనక మంత్రి ఉంది, జీ4లోని నల్ల బిషప్ దాన్ని పిన్ చేసి పెట్టింది, అంటే గుర్రం కదిలితే మంత్రి బిషప్‌కు దొరుకుతుంది. అయినా కొట్టవచ్చు. నలుపు ఆశపడి డీ1లో మంత్రిని తీసుకుంటే, బిషప్ ఎఫ్7లో బంటును కొట్టి చెక్ చెబుతుంది. రాజుకు ఈ7 తప్ప ఇంకో గడి లేదు. అప్పుడు సీ3 గుర్రం డీ5కి వస్తుంది, ఆట కట్టు. రెండు గుర్రాలూ ఒక బిషప్‌తో, మంత్రిని పోగొట్టుకుని మరీ కట్టు. నలుపు మంత్రి జోలికి పోకుండా డీ6 బంటుతో గుర్రాన్ని కొడితే, తెల్ల మంత్రి జీ4లో బిషప్‌ను తీసుకుంటుంది. లెక్క తేలేసరికి తెలుపుకు ఒక బంటు లాభం. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు, ప్రసిద్ధ ఆటగాడు ఫిలిడోర్‌కు గురువైన లెగాల్ పేరు మీద దీన్ని లెగాల్ మేట్ అంటారు.

తెలుపు దీన్ని వదిలేసింది. వెంటనే నలుపు గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చింది, అవకాశం మూసుకుపోయింది. ఇప్పుడు అదే ఎత్తు ఆడితే, డీ5కి వచ్చే గుర్రాన్ని ఎఫ్6 గుర్రం తినేస్తుంది. ఈ5లో గుర్రాన్ని బంటుతో కొట్టాక తెల్ల మంత్రి జీ4కి వెళ్లినా ఆ నల్ల గుర్రానికే బలవుతుంది. నలుపు ప్రమాదాన్ని చూసి ఆపలేదు. పావును బయటకు తేవాలి కదా అని తెచ్చింది, అంతే.

గ్రాఫ్‌లో ఇది ఒక చిన్న ముల్లులా లేచి పడిపోతుంది. ఇద్దరూ ఒకే విషయం చూడకపోతే ఒకరి తప్పు ఇంకొకరి తప్పును కప్పేస్తుంది, ఫలితంలో దాని జాడే మిగలదు. అందుకే ఔత్సాహికుల ఆటలో ‘నేను దేనివల్ల ఓడాను?’ అని మాత్రమే వెతికితే సగం సంగతి దొరకదు. నా లెక్కలో శిక్ష పడని తప్పే ఎక్కువ ప్రమాదం. నొప్పి తెలియలేదు కాబట్టి మళ్లీ చేస్తాం.

ఇక్కడ లెగాల్ మేట్‌ను కంఠస్థం చేయడం సమీక్ష అనిపించుకోదు. తెలుపు ఆటగాడు నిజాయితీగా రాసుకుంటే ఏం రాస్తాడో ఆలోచించండి: ‘ఎఫ్3 గుర్రం పిన్‌లో ఉంది, కదపకూడదు.’ దాంతో ఆ గుర్రపు ఎత్తులన్నీ లెక్కలోంచి పోయాయి. పిన్ రాజు మీద ఉంటే గుర్రాన్ని కదపడం నియమానికే విరుద్ధం. మంత్రి మీద ఉంటే కదపవచ్చు, దానికో ధర ఉంటుంది. ఆ ధర ఎంత, బదులుగా ఏం వస్తుంది అని అడగకుండానే తలుపు మూసేశాడు. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. 49వ ఎత్తులో ఇదే మనిషి ఇలాంటి తలుపునే మళ్లీ మూయబోతున్నాడు.

6 నుంచి 14 దాకా పెద్దగా ఆగాల్సిన పనిలేదు. 9వ ఎత్తులో జీ4 ఆడాక నల్ల గుర్రం ఆ బంటునే కొట్టేస్తే ఏమయ్యేదో తీరిగ్గా ఒకసారి చూడదగ్గది. హెచ్3 బంటుతో గుర్రాన్ని తీసుకున్నాక హెచ్5 బిషప్ మళ్లీ జీ4లో దిగుతుంది, ఎఫ్3 మీద ఒత్తిడి పెరుగుతుంది. నలుపు ఆటగాడు దాన్ని తన కసరత్తుగా పెట్టుకోవచ్చు. కాస్లింగ్ చేసిన రాజు ముందు బంట్లు కదిపితే ఇలాంటి త్యాగాలను కనీసం చూడటం అలవాటవ్వాలి.

15వ ఎత్తు: రెండు, రెండు అని లెక్కపెట్టినప్పుడు

15...డీ5 దగ్గర నలుపుకు ఇంకా 9 నిమిషాలున్నాయి. ఎత్తుకు 11 సెకన్లు పట్టింది. ఇంజిన్ ఇక్కడ ప్రశ్నార్థకం పెడుతుంది, ఒక బంటు పోయిందంటుంది. నిజమే. ఎందుకు పోయింది?

నలుపు ఆటగాడి ఆలోచన దాదాపు ఇలా ఉండి ఉంటుంది: ‘అవతలివాడు జీ4 ఆడి పక్కనుంచి వస్తున్నాడు. పక్కనుంచి వచ్చేవాడికి మధ్యలో జవాబు చెప్పాలి. డీ5 మీద వాడివి రెండు ఉన్నాయి, ఈ4 బంటు, బీ3 బిషప్. నావీ రెండు ఉన్నాయి, సీ6 బంటు, మంత్రి. సరిపోయింది.’

సూత్రం మంచిదే. లెక్క కూడా వేశాడు, గాలికి ఆడలేదు. అయితే ఎఫ్3లో ఉన్న తెల్ల మంత్రిని చూడండి. ఎఫ్3, ఈ4, డీ5 ఒకే వాలుగీత మీద ఉన్నాయి. మధ్యలో ఈ4 మీద తెల్ల బంటే అడ్డంగా నిలబడింది. ఆ బంటు డీ5లో కొట్టిన మరుక్షణం ఈ4 ఖాళీ అవుతుంది, మంత్రి నేరుగా డీ5ను చూస్తుంది. అంటే కొట్టేవి మూడు, కాసేవి రెండు. బంటు కొట్టింది, బంటు తిరిగి కొట్టింది, బిషప్ డీ5లో దిగింది. ఇప్పుడు నల్ల మంత్రి దాన్ని కొడితే తెల్ల మంత్రికి దొరికిపోతుంది. పైగా డీ5లో కూర్చున్న బిషప్ బీ7 బంటు మీద కూడా కన్నేసింది.

‘డీ5 తప్పు’ అని రాసుకుంటే ఉపయోగం లేదు, ఆ స్థితి మళ్లీ ఎప్పుడూ రాదు. ‘లెక్క సరిగ్గా వేయాలి’ అని రాసుకున్నా అంతే, అది తనను తాను తిట్టుకోవడమే అవుతుంది. రాసుకోవాల్సింది ఇంకా చిన్నది, ఇంకా సూటైనది: ‘కొట్టే పావు కదిలాక దాని వెనకనుంచి ఎవరు చూస్తారు?’ ఇది బంటు వెనక మంత్రికి, ఏనుగు వెనక ఏనుగుకు, బంటు వెనక బిషప్‌కు అన్నిటికీ పనికొస్తుంది. ఈ ఒక్క ప్రశ్న పట్టుబడితే ఈ ఆటలో పోయిన బంటు వసూలైనట్టే.

ఇంతకీ నలుపు ఏం ఆడాల్సింది? ఇక్కడా ఇంజిన్‌ను అడగక ముందు కొంచెం వెతకండి. బీ3లోని తెల్ల బిషప్ పరిస్థితి చూడండి. ఏ2లో, సీ2లో దాని సొంత బంట్లే అడ్డం. నలుపు ఏ5 ఆడిందనుకోండి, తర్వాత ఏ4 బెదిరింపు. అప్పుడు బిషప్ సీ4కి పోవాలి. బీ5 ఆడితే మళ్లీ తరుముతుంది. ఇప్పుడు బీ3ని ఏ4 బంటు, డీ5ని సీ6 బంటు, ఈ6ని ఎఫ్7 బంటు కాపలా కాస్తున్నాయి. బిషప్ ఎఫ్7 బంటునో బీ5 బంటునో తీసుకుని పోవడం తప్ప ఇంకో దారి లేదు. కాబట్టి ఏ5 ఆడగానే తెలుపు తన పని ఆపి బిషప్‌కు చోటు చూసుకోవాలి. నలుపు దగ్గర సొంత బెదిరింపు ఉంది, దాన్ని చూడనేలేదు. కారణం ఆ క్షణంలో అతని బుర్రలో ‘మధ్యలో కొట్టు’ అనే మాట ఒక్కటే ఉంది. మంచి సూత్రం ఇలాగే ఆలోచనను ఆపేస్తుంది.

గడియారం విలువ ఇక్కడే తెలుస్తుంది. చాలామంది తమ తప్పులన్నిటినీ ‘టైమ్ లేక’ అనే ఖాతాలో వేసేస్తారు. 9 నిమిషాలు చేతిలో ఉండగా 11 సెకన్లలో ఆడిన ఎత్తుకు ఆ సాకు చెల్లదు. నిజంగా 20 సెకన్లలో పడి టెన్షన్‌లో చేసిన తప్పయితే దాని మందు వేరు. అప్పుడు అంతకు ముందు ఏ ఎత్తు మీద అనవసరంగా మూడు నిమిషాలు పోశారో వెతకాలి. ఎత్తులు ఒక్కటే చూస్తే ఈ రెండు రకాల తప్పులూ ఒకేలా కనిపిస్తాయి.

49వ ఎత్తు: ఎర్ర గుర్తు లేని చోటు

17 తర్వాత తెలుపు బంటు లాభంతో నెమ్మదిగా పావులు మార్చుకుంటూ వచ్చింది. మధ్యలో ఆడిన ఎత్తుల్లో ఒక్కటే మనకు కావాలి. 33వ ఎత్తులో జీ4 బంటుకు కాపలాగా ఎఫ్2 బంటు ఎఫ్3కి జరిగింది. తర్వాత మిగతా బంట్లు కూడా ఒకదానికొకటి చెల్లిపోయాయి. 48వ ఎత్తుకు వచ్చేసరికి బోర్డు మీద ఐదే పావులున్నాయి. తెలుపుకు జీ3లో రాజు, ఏ1-ఏ8 నిలువు వరుసలో ఏనుగు, ఎఫ్3లో బంటు. నలుపుకు జీ7లో రాజు, ఎఫ్5లో ఏనుగు.

తెలుపు 48. ఏనుగు ఏ7 అని చెక్ చెప్పింది. నలుపు ఏనుగును ఎఫ్7కి తెచ్చి అడ్డం పెట్టింది. తెలుపు నాలుగు సెకన్లలో ఏనుగులు మార్చేసుకుంది: 49. ఏనుగు ఎఫ్7లో కొట్టింది, రాజు ఎఫ్7లో కొట్టింది. తెలుపుకు అప్పటికి ఆరు నిమిషాలున్నాయి.

ఇంజిన్ గ్రాఫ్ ఇక్కడ కదలదు. మార్పిడికి ముందు సున్నా, అంటే సమానం, మార్పిడి తర్వాత సున్నా. ముందు ఉన్న ఏనుగుల ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశ) సరిగ్గా ఆడితే డ్రా. తర్వాత వచ్చిన బంటు ఎండ్‌గేమ్ కూడా డ్రా. ఏడు పావుల వరకూ ప్రతి స్థితినీ పూర్తిగా తేల్చిపెట్టిన టేబుల్‌బేస్‌లు ఇప్పుడున్నాయి, వాటిని అడిగినా అదే చెబుతాయి. ఎర్ర గుర్తు ఉండదు, ప్రశ్నార్థకం ఉండదు. బటన్ నొక్కి చూసేవాళ్లు ఇక్కడ ఆగనే ఆగరు. నా దృష్టిలో మాత్రం తెలుపు ఆటగాడికి ఈ ఆట మొత్తంలో ఎక్కువ నేర్పే చోటు ఇదే.

మనుషులు ఆడేటప్పుడు రెండు డ్రాలూ ఒకటి కాదు. ఏనుగులు ఉన్నంతసేపు నలుపు ప్రతి ఎత్తూ జాగ్రత్తగా ఆడాలి, ఔత్సాహికులు ఆ ఎండ్‌గేమ్‌లో జారిపోవడం మామూలే. ఏనుగులు పోయాక నలుపుకు తెలియాల్సింది ఒకటి రెండు విషయాలే. ఫలితం తప్పకుండా మారేదని అనను. ఆడటానికి ఆట మిగిలి ఉండేది.

బంటు ఎండ్‌గేమ్‌లో ఏం జరిగిందో దగ్గరగా చూద్దాం. 50. రాజు ఎఫ్4, రాజు ఎఫ్6. ఇద్దరు రాజులూ ఒకే నిలువు వరుసలో ఎదురెదురుగా ఉన్నారు, మధ్యలో ఒక్క గడే ఉంది. ఆడాల్సింది తెలుపు. ఇలాంటప్పుడు కదలాల్సి వచ్చినవాడిదే నష్టం, దీన్నే ఆపోజిషన్ అంటారు. తెల్ల రాజు ఈ4కి పోతే నల్ల రాజు ఈ6కి వస్తుంది, జీ4కి పోతే జీ6కి వస్తుంది. ముందుకు దారి ఇవ్వదు.

ఇప్పుడు ఒక్కటి మార్చి చూడండి. రాజులు అక్కడే ఉన్నారు, బంటు మాత్రం ఎఫ్3లో కాకుండా ఎఫ్2లో ఉంది. తెలుపు బంటును ఎఫ్3కి జరుపుతుంది. స్థితి అచ్చం పైదే, కానీ ఆడాల్సింది ఇప్పుడు నలుపు! నల్ల రాజు ఒక పక్కకు జరగక తప్పదు, తెల్ల రాజు రెండో పక్కనుంచి ముందుకు దూరుతుంది, ఆట గెలుపు. ఒక బంటు ఒక గడి వెనక ఉండటం గెలుపుకూ డ్రాకూ తేడా. చేతిలో దాచుకున్న ఒక్క ఎత్తు విలువ అంత.

33లో ఎఫ్3 ఆడటం తప్పని దీనర్థం కాదు. అప్పుడు జీ4ను కాపాడుకోవాలి, 16 ఎత్తుల తర్వాత వచ్చే స్థితిని ఎవరూ ఊహించరు. చాలా సమీక్షలు ఇక్కడే అన్యాయం చేస్తాయి. ముగింపు తెలుసు కాబట్టి వెనక్కి వెళ్లి ప్రతి ఎత్తుకూ నేరం అంటగడతాయి. నిర్ణయాన్ని ఆ క్షణంలో తెలిసినదానితోనే తూచాలి. 49లో మాత్రం అంతా కళ్లముందే ఉంది. మార్చుకుంటే వచ్చే స్థితిలో ఉండేది మూడు పావులే, చేతిలో ఆరు నిమిషాలున్నాయి. బంటు ఎండ్‌గేమ్‌లో ఊహలకు తావు లేదు, చివరిదాకా లెక్కపెట్టవచ్చు. మరి నాలుగు సెకన్లలో ఎందుకు మార్చుకున్నాడు?

తెలుపు ఆటగాడి వాక్యం ఇలా ఉంటుంది: ‘నేను బంటు ఎక్కువలో ఉన్నాను, ఎక్కువలో ఉన్నప్పుడు పావులు మార్చుకోవాలి.’ 5వ ఎత్తు దగ్గర ‘పిన్‌లో ఉన్న గుర్రం కదలదు’ అన్నవాడు ఇతనే. ఒకటి ఓపెనింగ్, ఒకటి ఎండ్‌గేమ్. ఒకటి ఎత్తుగడలకు సంబంధించినది, ఇంకోటి రాజుల నడకకు సంబంధించినది. ఇంజిన్ ఒకదానికి గుర్తు పెట్టింది, రెండోదానికి పెట్టలేదు. తప్పు మాత్రం ఒక్కటే. తెలిసిన సూత్రం గుర్తుకు రాగానే చూడటం ఆపేశాడు. ఇది తెలిసినవాడు ఇప్పుడు లెగాల్ మేట్ గురించో ఎండ్‌గేమ్ గురించో విడివిడిగా చదవడం కన్నా ముందు ఒక అలవాటు చేసుకోవాలి. బోర్డు మీద ఏదైనా రెండు సెకన్లలో తేలిపోయిందనిపిస్తే, అక్కడే ఒకసారి చేయి వెనక్కి తీసుకోవాలి.

సరైన ఎత్తును కూడా అనుమానించండి

ఆట ఇంకా అవ్వలేదు. 51. రాజు ఈ4, రాజు ఈ6 52. ఎఫ్4, రాజు ఎఫ్6 53. ఎఫ్5, రాజు ఎఫ్7 54. రాజు ఈ5, రాజు ఈ7 55. ఎఫ్6 చెక్, రాజు ఎఫ్7 56. రాజు ఎఫ్5. ఇక్కడ నల్ల రాజు వెనక్కి తగ్గాలి. మూడు గళ్లున్నాయి: ఈ8, ఎఫ్8, జీ8. నలుపు ఎఫ్8కి వెళ్లింది. 57. రాజు ఈ6, రాజు ఈ8 58. ఎఫ్7 చెక్, రాజు ఎఫ్8 59. రాజు ఎఫ్6. నలుపుకు కదలడానికి గడి లేదు, చెక్ కూడా లేదు. స్టేల్‌మేట్, డ్రా.

56లో నల్ల రాజు ఈ8కి వెళ్లి ఉంటే? తెల్ల రాజు ఈ6కి వస్తుంది, ఆపోజిషన్ ఇప్పుడు తెలుపుది. నల్ల రాజు ఎఫ్8కి పోతే బంటు ఎఫ్7కి జరుగుతుంది, చెక్ లేకుండా. రాజు జీ7కి పోక తప్పదు, తెల్ల రాజు ఈ7కి వస్తుంది, బంటు మంత్రి అవుతుంది. జీ8 ఎంచుకున్నా అదే కథ రెండో పక్కనుంచి. కాబట్టి బంటుకు ఎదురుగా నిటారుగా వెనక్కి తగ్గడం ఒక్కటే సరైనది.

ఇంజిన్ 56...రాజు ఎఫ్8కి ఆకుపచ్చ గుర్తు పెట్టి ముందుకు సాగుతుంది. నలుపు ఆటగాడు తనను తాను అడగాలి: నాకు తెలిసే వెళ్లానా? మూడింట్లో ఒకటి అని వెళ్లానా? తెలియకుండా వెళ్లి ఉంటే, డ్రా దక్కిన ఈ ఆటలో అతని పెద్ద లోటు ఇదే. ఓడిన ఎత్తులను అందరూ చూస్తారు. కాలం కలిసొచ్చి సరిపోయిన ఎత్తులను వెతికేవాళ్లు తక్కువ, వాటిని పట్టుకోవడానికి ‘ఇది ఎందుకు ఆడాను’ అన్న వాక్యం తప్ప ఇంకో సాధనం లేదు.

ఇక ఇప్పుడు ఇంజిన్ తెరవండి. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ 2008 నుంచి ఉంది, ఉచితం. ఏ మనిషికన్నా ఎంతో బలమైన ఆటగాడు మీ ఫోన్‌లోనే ఉన్నాడు. దాన్ని తీర్పు చెప్పమని అడగకుండా, మీరు రాసుకున్నదాన్ని పరీక్షించమని అడగండి. 15లో ఏ5 మంచిదని మీకు అనిపించింది కదా, ఆడి చూడండి. జవాబుగా అది ఏం ఆడుతుందో చూడండి. ‘ఇలా ఆడితే ఏమైంది?’ అని మీకనిపించిన ప్రతి మొండి ఎత్తునూ దానిమీద వేసి చూడండి, ఎందుకు పనికిరాదో అది ఆడి చూపిస్తుంది. అంతకన్నా ఓపికైన గురువు దొరకడు.

అంకెల విషయంలో మాత్రం ఉదారంగా ఉండండి. బంట్ల లెక్కలో ఇంజిన్ ఇచ్చే అంచనా 0.4 నుంచి 0.1కి పడిందని ఔత్సాహికుడు తల పట్టుకోనక్కర్లేదు. గెలిచే స్థితి డ్రాగా మారిందా, డ్రా అయ్యేది ఓటమి అయిందా, అలాంటి చోట్ల ఆగితే చాలు. ఆట చివర్లో ఇచ్చే ఖచ్చితత్వ శాతాన్ని నేను అస్సలు పట్టించుకోను. సగం ఆట పావులు మార్చుకోవడంతోనే గడిస్తే శాతం దానంతటదే పెరుగుతుంది, చిక్కుముడి లాంటి స్థితిలో ధైర్యంగా పోరాడితే తగ్గుతుంది. ఆ శాతం కోసం ఆడటం మొదలుపెడితే చిక్కు స్థితులకు దూరంగా పారిపోవడం నేర్చుకుంటాం.

వీలైతే అవతలి ఆటగాడితో కూర్చుని చూడటం అన్నిటికన్నా మంచిది. ఎదురుగా ఆడినవాడు ఆ ఆటలో సరిగ్గా మిగతా సగం ఆలోచించాడు. మీరు వణికిపోయిన బెదిరింపు అతనికి తట్టనే లేదని తెలుస్తుంది, మీరు లెక్కచేయని ఎత్తుకు అతను రెండు నిమిషాలు భయపడ్డాడని తెలుస్తుంది. 1948లో ప్రపంచ చాంపియన్ అయిన మిఖాయిల్ బోత్విన్నిక్ తన ఆటల విశ్లేషణను రాసి ప్రచురించడాన్ని శిక్షణలో భాగంగానే చూసేవాడు. నలుగురి కంటా పడితే అందులోని తప్పులు ఎవరో ఒకరు పట్టిస్తారు, ఆ భయంతో రాసేవాడు కూడా జాగ్రత్తగా చూస్తాడు. మన స్థాయిలో దానికి పత్రిక అక్కర్లేదు. మీ వాక్యాలతో ఉన్న ఆట ఫైల్‌ను మీ ప్రత్యర్థికి పంపి, 15వ ఎత్తు దగ్గరా 49 దగ్గరా అతనేం అనుకున్నాడో రాయమని అడగండి. ఇద్దరి వాక్యాలూ పక్కపక్కన పెట్టుకున్నాకే ఇంజిన్‌ను తెరవండి.